బండ కట్టుకున్న బసవన్న

నీలకంఠా! నీ గుడిలో ఒక ఎద్దు రాతికి ఎదురుగా కూర్చుంది. నీ జాతరలో ఒక జత ఎద్దులు రాతిని వెనక కట్టుకుని నిలబడ్డాయి. కూర్చున్నది రాతితో చెక్కిన ఎద్దు. చూస్తున్నది లింగమైన రాతిని. ఏళ్లకేళ్లుగా రెప్ప వేయలేదు. నిలబడ్డవి నెత్తురూ కండా ఉన్న ఎద్దులు. లాగబోయేది పేరులేని రాతిని. గడువు ముగిసే గంట మోగేదాకా ఆగవు. ఎదుట ఉన్నా నువ్వే, వెనక ఉన్నా నువ్వే. ఒక బసవన్నను నిన్ను చూస్తూ ఉండమన్నావు, ఇంకో బసవన్నను నిన్ను లాగుతూ ఉండమన్నావు. ఇద్దరూ మారుమాట లేకుండా, ఎందుకని అడగకుండా, ఒక్క తీరున నీ పని చేస్తున్నారు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర పుష్యమాసంలో వస్తుంది. సంక్రాంతికి అటో ఇటో, చలి ఎముకలదాకా దిగిన రోజుల్లో వస్తుంది. ఆదోని నుంచి ఈశాన్యంగా సాగే దారిని ఆ రోజుల్లో చూడాలి. రెండు పక్కలా నల్లరేగడి. వానకు కాలు వదలని నేల, ఎండకు నోరు తెరిచే నేల. ఏరివేత ముగిసి మోళ్లు మిగిలిన పత్తిచేలు. కంకి నిండి తల వంచిన జొన్న. తెల్లవారుజాము మంచు తాగి ఆకు పులుపెక్కిన పప్పుశనగ. వాటి వెనక, ఆదోని గుట్టల మీద, ఏ చెయ్యీ పేర్చకుండానే పేర్చినట్టున్న గుండ్లు. కోటకు గోడలై, రణమండల ఆంజనేయునికి పీఠమై, గద్దలకు గూడై నిలిచిన గుండ్లు. రాయీ ఎండా తప్ప ఈ సీమకు దేవుడు ఇచ్చిందేముందని నిష్ఠూరమాడేవాళ్లున్నారు. ఆ రెంటికీ బెదరని ఎద్దును ఇచ్చిన సంగతి వాళ్లు మరిచిపోతారు.

జాతరకు జనం నాలుగు దిక్కుల నుంచీ పారివస్తుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల నుంచి. తుంగభద్ర అవతలి ఐజ, గద్వాల నుంచి. కన్నడ సీమలోని సిరుగుప్ప, రాయచూరు నుంచి. తెలుగు కన్నడంలోకి ఒలుకుతుంది, కన్నడం ఉర్దూలోకి జారుతుంది, మూడూ కలిసి బొరుగుల అంగడి ముందు బేరమాడతాయి. రథం కదిలే పూట జనం మోకులు పట్టుకుంటారు. వేల చేతులు, ఒక్క లాగు. ఆ పూట మనుషులే కాడెద్దులు. మెడ మీద కనబడని కాడి, వెనక కదిలే శిఖరం, శిఖరం కింద నీలకంఠుడు. ఆ తర్వాతి వంతు ఎద్దులది. దేవుణ్ణి మనిషి లాగాడు, ఇక దేవుడు చేసిన రాతిని దేవుడు చేసిన పశువు లాగాలి. ఈ వరస ఎవరు పెట్టారో గాని, ఇంతకన్నా చక్కని పూజాక్రమం నాకు తెలియదు.

గోడల మీద అతికించిన కరపత్రాలు రాజసంగా పలుకుతాయి: ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన. జనం నోట మాత్రం అది బండలాగుడు. చదును చేసిన పొడవాటి బాట, దాని రెండు కొసలా తెల్లటి గీతలు, మధ్యలో ఇనుప కొక్కెం బిగించిన బండ. బాటకు ఇరువైపులా తాళ్లు, తాళ్ల వెనక జనం, జనం వెనక ట్రాక్టర్ల మీద జనం, చెట్ల మీద పిల్లకాయలు. మైకు పట్టుకున్న మనిషి ఒకడు పొద్దున మొదలుపెట్టిన గొంతును పొద్దు గుంకేదాకా దించడు. అతని గొంతు పగిలిపోయి, అతుక్కుని, మళ్లీ పగులుతుంది. ఏ జత ఏ ఊరిదో, ఏ రైతుదో, ఎన్ని అడుగులు దాటిందో, ఇంకెన్ని నిమిషాలుందో అతను చెబుతుంటే సహస్రనామం చదువుతున్నట్టే ఉంటుంది.

ఈ పోటీలకు ఒక క్రమం ఉంది. ఆ క్రమాన్ని మనుషులు కల్పించలేదు. ఎద్దు నోట్లో రాసి ఉన్నదాన్ని చదువుకున్నారు, అంతే. పాలపళ్ల జతలకు ఒక పోటీ. రెండు పళ్ల జతలకు ఒకటి. నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరే వేరే. చివరగా సీనియర్లు, పళ్లన్నీ వచ్చి నిండుగా ముదిరిన మహావృషభాలు. ఒక మెట్టు దాటితే ఇంకో మెట్టు, చిన్న బండ తర్వాత పెద్ద బండ, జాతర రోజులు గడిచేకొద్దీ బరువూ కేకలూ పెరుగుతూ పోతాయి.

స్వామీ, ఆ దవడను ఎంత పొందికగా కట్టావయ్యా! పై దవడ ముందుభాగాన పళ్లే పెట్టలేదు, గట్టి చిగురు ఒక్కటి పెట్టావు. కింద ఎనిమిది పాలపళ్లు పెట్టావు. దూడ రెండేళ్లు దాటాక నడిమి జత ఊడి కొత్త జత వస్తుంది, వెడల్పుగా, తెల్లగా, పలక మాదిరి. ఇంకొంత కాలానికి దాని పక్క జత. ఆ తర్వాత ఇంకో జత. నాలుగున్నర, అయిదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. పుట్టిన తేదీ రాసే పుస్తకం లేని చోట, పుట్టుకకు సాక్ష్యం చెప్పే మంత్రసాని లేని చోట, పెదవి ఎత్తి చూస్తే చాలు, కాలం అక్కడ జతలు జతలుగా మొలిచి ఉంటుంది. పెద్దమనిషి ఒకడు ఎద్దు మూతి పట్టుకుని బొటనవేలితో పెదవి పైకెత్తుతాడు. పక్కనున్నవాడు అడుగుతాడు: "ఎన్ని పండ్లప్పా?" "నాలుగేసింది." ఇక దానికి తిరుగులేదు. ఆ మాటకు ఎదురు కాగితం చూపేవాడు జాతరలో ఉండడు.

పాలపళ్ల జతల రోజు నాకు అన్నిటికన్నా ఇష్టం. అవి పందెం తెలియని పసికూనలు. చెవులు ముందుకు నిక్కించి జనాన్ని చూస్తాయి, బూరలకు ఉలిక్కిపడతాయి, ఒకటి ముందుకు పోతే ఇంకొకటి పక్కకు పోతుంది. అంతలో కాడి మెడల మీద ఆనుతుంది. ఆనగానే ఒక మార్పు. రెండు తలలు ఒక్క ఎత్తుకు వంగుతాయి, రెండు వీపులు ఒక్క గీతగా సాగుతాయి. నేర్పింది రైతే కావచ్చు, నేర్చుకునే వేగం మాత్రం వాటి పుట్టుకలోనే ఉంది. ఎన్ని తరాల కాళ్లు దున్నిన జ్ఞాపకమో ఆ లేత మెడల్లో లేస్తుంది.

ఇక ఆ రూపం! ఒంగోలు గిత్తను ముందు నుంచి చూస్తే కొండ, పక్క నుంచి చూస్తే రథం, వెనక నుంచి చూస్తే వెళ్లిపోతున్న వెన్నెల. పాలనురుగు తెలుపు ఒళ్లంతా. మెడ మీదా మూపురం మీదా మాత్రం తొలకరి మబ్బు నీడ. కాటుక దిద్దినట్టున్న కళ్లు, నల్లని ముట్టె, నల్లని గిట్టలు, తోక కొసన నల్లని కుచ్చు. తెల్లని కాగితం మీద ఎక్కడెక్కడ సిరా చుక్క పడాలో చిత్రకారుడికి తెలిసినట్టు తెలుసు నీకు. మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. నడుస్తుంటే అది అలలాడుతుంది, ఎండవేళ ఒంటి వేడిని గాలికి ఇచ్చేస్తుంది. చిన్న కొమ్ములు, విశాలమైన నుదురు, ఆ నుదుటి మీద రైతు ఇల్లాలు దిద్దిన పసుపూ కుంకుమా. అరటన్నుకు పైబడిన బరువును నాలుగు చీలిన గిట్టల మీద నిలిపావు. ఆ చీలికే దాని బలం: నేలను తొక్కినప్పుడు గిట్ట రెండుగా విచ్చుకుంటుంది, మట్టిని పట్టుకుంటుంది, పట్టు దొరికాక వెన్నులోని శక్తినంతా ఆ పట్టులోకి దించుతుంది.

పేరు పిలుస్తారు. జత బాట మీదికి వస్తుంది. గొలుసు కొక్కేనికి తగిలిస్తారు. ఒక్క క్షణం గొలుసు వదులుగా మట్టి మీద పడి ఉంటుంది. ఈల మోగుతుంది. పగ్గాలు పట్టినవాళ్లు ఒక్కసారిగా అరుస్తారు, గొలుసు పైకి లేస్తుంది, బిగుస్తుంది, సన్నగా పలుకుతుంది. బండ కదలదు. ఎద్దుల ముందుకాళ్లు వంగుతాయి, ముట్టెలు నేలకు దిగుతాయి, తొడల్లో కండలు తాళ్లు పేనుకున్నట్టు పేనుకుంటాయి. ఆ క్షణాన వేలమంది ఊపిరి వేలమంది గుండెల్లోనే ఉంటుంది. అప్పుడు బండ కింద మట్టి మూలుగుతుంది. కదిలింది! జానెడు, మూరెడు, బారెడు. కదిలాక ఇక నిలపకూడదు. నిలిచిన రాతిని కదిలించడానికి పట్టేంత సత్తువ కదిలిన రాతిని నడిపించడానికి పట్టదని ఏ బడికీ పోని రైతుకూ తెలుసు, ఆ ఎద్దులకూ తెలుసు. అందుకే పరుగు. ధూళి లేస్తుంది, ధూళిలోంచి రెండు మూపురాలు లేస్తాయి, వెనక బండ బుసలు కొడుతూ సాగుతుంది. కొసకు చేరగానే మలుపు. జతను తిప్పి, గొలుసును తిప్పి, మళ్లీ వెనక్కి. మలుపు దగ్గర పోయిన క్షణాలే గెలుపోటములు తేలుస్తాయి. అడుగులు వందలవుతాయి, వందలు వేలవుతాయి. గడువు ముగియగానే గంట మోగుతుంది, బండ ఎక్కడిదక్కడ ఆగుతుంది, టేపు పట్టుకున్న మనుషులు మిగిలిన అడుగులూ అంగుళాలూ కొలుస్తారు. అంత ప్రళయం తర్వాత అంగుళం లెక్క! నీ లోకంలో ఆవేశానికీ గణితానికీ పొత్తు ఎంత బాగా కుదిర్చావు స్వామీ.

ఒక సంగతి గమనించారా? ఇక్కడ జతకు ఎదురుగా ఇంకో జత లేదు. ఎవరి వంతు వాళ్లది. ఎవరూ ఎవరినీ కుమ్మరు, తోయరు, పడదోయరు. అందరికీ ఒకటే బండ, ఒకటే బాట, ఒకటే గడువు. నిరుడు మొదటి బహుమతి కొట్టిన జతా, ఈ ఏడే మొదటిసారి మోకు పట్టిన జతా సున్నా అడుగు దగ్గరే మొదలవుతాయి.

లోకంలో అన్నిచోట్లా ఇట్లా ఉండదు. సముద్రాల అవతల జపాన్‌లో బేస్‌బాల్ అంటే ప్రాణం. ఆకులు ఎర్రబారే అక్టోబరులో, ఏడాది పొడవునా సాగిన లీగు ముగిశాక, అక్కడ ఇంకో పోరు మొదలవుతుంది. 2007 నుంచి దాన్ని క్లైమాక్స్ సిరీస్ అంటున్నారు. రెండు లీగుల్లోనూ మొదటి మూడు జట్లకే అందులో చోటు. రెండో జట్టూ మూడో జట్టూ ముందు తలపడతాయి, గెలిచింది లీగు విజేతను ఢీకొంటుంది. ఆ విజేతకు బంతి పడకముందే ఒక గెలుపు ఖాతాలో వేస్తారు, ఏడాదంతా కష్టపడినందుకు. అందులోనూ గట్టెక్కినవాళ్లు 1950 నుంచి నడుస్తున్న జపాన్ సిరీస్‌కు పోతారు. 2024లో యొకోహమా డీఎన్‌ఏ బేస్టార్స్ అనే జట్టు మూడో స్థానంలో నిలిచి ఆ గడప తొక్కింది. హన్షిన్ టైగర్స్‌ను దాటింది. ముందే ఒక గెలుపు చేతిలో పట్టుకుని నిలుచున్న యొమియూరి జెయింట్స్‌ను దాటింది. ఆఖరున ఫుకుఓకా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌ను నాలుగు మ్యాచుల్లో కొట్టి, రెండు మాత్రమే పోగొట్టుకుని, 26 ఏళ్ల తర్వాత కిరీటం పెట్టుకుంది. మూడోవాడికి మొదటి పీట! ఆ రాత్రి యొకోహమా వాళ్లు కార్చిన కన్నీళ్లూ, చివరి నిమిషంలో నూరడుగులు కలుపుకుని గెలిచిన జత ముట్టెను ముద్దాడే ఎమ్మిగనూరు రైతు కన్నీళ్లూ ఒకే మేఘంలోంచి కురిసినవే. ఎక్కడి వాళ్లయినా నీ పిల్లలే కదా. అయినా పక్షపాతం దాచుకోను: ప్రత్యర్థి లేని ఈ ఆటే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇక్కడ ఓడించవలసింది కాలాన్నీ రాతినీ. ఆ రెండూ నువ్వే గనుక, ఓడినా నష్టం లేదు.

రాయి అన్నాను కదా. దాన్ని తక్కువ చేయకూడదు. ఈ దక్కను గుండ్ల వయసు రెండు వందల కోట్ల ఏళ్లకు పైమాట. గడ్డి మొలవకముందు, గడ్డి మేసేవి పుట్టకముందు, భూగర్భపు అగ్నిలో కరిగి గడ్డకట్టిన రాయి అది. చూసే కళ్లు ఇంకా పుట్టని కాలంలోనే అది మెరిసింది. ఎమ్మిగనూరు బాట మీద ఎద్దు లాగుతున్నది ఆ మహాకాలంలోంచి తెగిన ఒక ముక్కను. దాని ముందు పదిహేను, ఇరవై నిమిషాల గడువు ఏపాటి! అయినా ఆ కాసేపటిలోనే రాయి కదిలింది, కోట్ల ఏళ్లుగా కదలనిది కదిలింది.

ఈ రాతికీ ఎద్దుకూ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. బళ్లారి దగ్గరి కుప్పగల్లు కొండ మీద, కొత్త రాతియుగపు మనుషులు రాతితో రాతిని గీకి మూపురాల ఎద్దులను గీశారు. పెద్ద మూపురం, వంపు తిరిగిన కొమ్ములు, సన్నని నడుము. అక్కడే కొన్ని గుండ్లున్నాయి. రాతితో కొడితే గంటలా మోగుతాయి. కొట్టి కొట్టి పడిన గుంటలు ఇప్పటికీ వాటి మీద ఉన్నాయి. ఎద్దు బొమ్మల మధ్య రాతి గంటలు! గుడి కట్టడం తెలియని కాలంలో అది గుడి కాక మరేమిటి? ఇటు కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో, ఇప్పటి గద్వాల జిల్లాలోని ఉట్నూరులో, ఆనాటి పశువుల దొడ్లలో పేడ పోగుపడి, కాలి, బూడిద దిబ్బలయ్యాయి. 1957లో ఆల్చిన్ అనే పురాతత్వవేత్త ఆ దిబ్బను తవ్వితే పొరల్లో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన అడుగులు! రాజుల పేర్లు చెరిగిపోయిన నేల మీద ఎద్దు అడుగు చెరగలేదు. ఎమ్మిగనూరుకు దక్షిణాన పత్తికొండ దాటాక, జొన్నగిరి పక్కన ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడు క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో శాసనాలు చెక్కించాడు. మనుషులకూ పశువులకూ వైద్యం చేయించాననీ, మందుమొక్కలు నాటించాననీ ఆ రాళ్లు చెబుతాయి. రాతి మీద ఎద్దు బొమ్మ, రాతి గంట, రాతి మీద దయ. ఇన్ని రాళ్లు నీ సీమలో ఎద్దు కోసం మాట్లాడుతున్నాయి నీలకంఠా, మాట్లాడనిది ఎద్దు ఒక్కటే.

అది ఏం తిని ఇంత బలిసిందని పట్నం నుంచి వచ్చినవాళ్లు అడుగుతారు. ఉలవలు ఉడికించి పెడతారు, జొన్నపిండి కలుపుతారు, పత్తిగింజలు నానేసి రుబ్బి పెడతారు. పోటీ జతలకైతే ఇంట్లో పిల్లలకు లేకున్నా దానికి లోటు లేకుండా చూస్తారు. కానీ అన్నిటికీ అడుగున ఉన్నది జొన్నచొప్ప. మనిషి నమిలితే గొంతు దిగని ఎండుపుల్ల. ఆ పుల్లను నాలుగు అరల కడుపులోకి పంపి, కంటికి కనబడని కోటానుకోట్ల జీవులను అందులో కాపురం పెట్టి, అవి దాన్ని పులియబెడుతుంటే, మింగింది మళ్లీ నోటికి తెచ్చి, నడిరేయి అరమోడ్పు కళ్లతో నెమరు వేయిస్తావు. గింజ మనిషికి, కాడ పశువుకు. పైరు ఒకటే, పంక్తులు రెండు. ఒక్క జొన్నమొక్కలో ఇద్దరికి వడ్డించావు, ఎవరి విస్తరిలోకీ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు.

పత్తిలోనూ అదే ధర్మం. కాయ పగులుతుంది. దూది మనిషికి, గింజ ఎద్దుకు. ఆదోని మార్కెట్ యార్డులో కుప్పలు పడిన తెలుపును చూస్తే పాలసముద్రం దారి తప్పి సీమకు వచ్చిందనుకోవాలి. ఒకప్పుడు ఆ తెలుపంతా ఎద్దుబండ్ల మీదనే నడిచింది. తెల్లని ఎద్దులు, తెల్లని బస్తాలు, నల్లని దారి. ఆదోనిలో గింజ విడిచిన దూది నూలై ఎమ్మిగనూరు మగ్గం ఎక్కింది. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్ల సహకార సంఘాన్ని నిలబెట్టాడు. ఆ సంఘం పేరుతో ఎమ్మిగనూరు దుప్పట్లూ వస్త్రాలూ దేశమంతా తిరిగాయి. విత్తనం వేసేటప్పుడు గొర్రు లాగింది ఎద్దు, గుంటక తోలింది ఎద్దు, పంటను మోసింది ఎద్దు, చివరికి తన వంతుగా గింజ తిన్నది ఎద్దు. జాతరలో కొత్త పంచె కట్టుకుని నిలుచున్న ప్రతి మనిషి ఒంటి మీదా అది లాగిన చాలు ఒకటి ఉంది. పడుగు పేక లెక్కపెట్టగలవాళ్లున్నారు గాని, ఆ దారాల్లో ఎన్ని దున్నకాలు దాగున్నాయో లెక్కపెట్టగలవాడివి నువ్వొక్కడివే.

చెర్నాకోల సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ స్తోత్రం అబద్ధమవుతుంది. దెబ్బలతో ఎద్దును ఉరికించేవాళ్లు ఉన్నారు. వాళ్ల జతల వీపుల మీద గీతలు చూసి కళ్లు తిప్పుకున్నవాణ్ణే. చేవగల పెంపకందారులు అట్లా చేయరు. వాళ్ల చెర్నాకోల గాలిలో మోగుతుంది, వీపుకు తగలదు. పేరు పెట్టి పిలుస్తారు: "నా కొడుకా, రామన్నా, లే నాయనా, లే!" ఆ పిలుపుకు చెవి వెనక్కి తిరుగుతుంది, గిట్ట ముందుకు పడుతుంది. పిలిచేవాడి గొంతులో బతిమాలాట, తిట్టు, జోలపాట, వేదం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆరునెలలుగా తెల్లవారుజామున లేచి, నీళ్లు పోసి, ఒళ్లు రుద్ది, కాలువగట్టున నడిపించిన ప్రేమ ఆ కొద్ది నిమిషాల్లో కేకై బయటికొస్తుంది. ఆ కేక విని ఉరికే ఎద్దుకు బహుమతి తెలియదు, డబ్బు తెలియదు, మైకులో తన ఊరి పేరు వచ్చిందని తెలియదు. తెలిసిందల్లా ఒకటే: ఆ గొంతు తనది. ఫలం మీద ఆశ లేని కర్మ గురించి మనం పుస్తకాలు తిరగేస్తాం. అది నాలుగు కాళ్లతో మన ముందే ధూళి రేపుకుంటూ పోతుంటే ఈలలు వేస్తాం. ఈలలైనా సరే, నీకు అందే స్తోత్రమే అనుకుంటాను.

సీనియర్ల రోజు జాతరంతా ఒక్కచోటికి ఒరుగుతుంది. సంతలో బేరాలు ఆగుతాయి. జంతికల బాణలి కింద మంట తగ్గించి అంగడివాడు కూడా వచ్చి నిలబడతాడు. ఆ జతలు బాట మీదికి నడిచే తీరే వేరు. తొందర లేదు, బెదురు లేదు. మెడలో గంటల పట్టీ, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, వీపున జరీ గుడ్డ, అడుగు తీసి అడుగు వేస్తుంటే నేలకు మర్యాద చేస్తున్నట్టుంటుంది. అలంకారాలు తీసేస్తారు. ఆ తెల్లని దేహాలు నగ్నంగా, నిండుగా, ఎండలో నిలుస్తాయి. ఆ రోజు బండ నిన్నటి బండ కాదు. దాన్ని చూస్తే చాలు, మన నడుముకే నొప్పి పుడుతుంది. ఈల పడుతుంది. మొదటి లాగుకు గొలుసు నిప్పురవ్వ రాల్చినట్టు మెరుస్తుంది. బండ కదలదు. రెండో లాగు. కదలదు. "బసవన్నా!" అని జనంలోంచి ఒక ముసలి గొంతు. ఎవరు అరిచారో తెలియదు, ఎవరి ఎద్దులని అరిచారో తెలియదు. మూడో లాగుకు బండ లేచినట్టే కదులుతుంది, ఇక జనానికి ఊరు లేదు, కులం లేదు, పందెం లేదు, హద్దు తాడు లేదు. వాళ్లంతా ఆ కాడి కింద తల పెట్టినవాళ్లే. శైవుడు "హర హర" అంటాడు, పక్కన టోపీ పెట్టుకున్నవాడు "సుభానల్లా" అంటాడు, రెండు మాటలూ ఒకే ధూళి పూసుకుని పైకి పోతాయి.

ఈ వంశం ఎంత దూరం పోయిందో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఒంగోలు పక్కన కరవది అనే ఊరుంది. ఆ ఊరి పేరే పెట్టుకున్న గిత్త ఒకటి 1960ల్లో ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడి మందల్లో దాని సంతానం పెరిగి పెరిగి మహావృక్షమైంది. మన నెల్లూరు పేరుతోనే ఆ జాతిని వాళ్లు నెలోర్ అంటారు. ఈ పూట ఆ దేశపు పచ్చికల మీద మేస్తున్న పశువుల్లో పెద్ద పాలు ఆ జాతి రక్తమే. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు, పరుగెత్తేవాళ్లకూ దూకేవాళ్లకూ ఈటె విసిరేవాళ్లకూ అందరికీ గుర్తుగా నిలబెట్టింది ఒంగోలు గిత్తనే, వీర అని పేరు పెట్టి. సముద్రం దాటినా అదే మూపురం, అదే తెలుపు, అదే ఓర్పు. ఎక్కడ కట్టేసినా నీ వాకిటి పశువే.

నీలకంఠా, విషం గొంతులో నిలుపుకున్నవాడా! గొంతు మీద బరువు మోయడం నీకు తెలుసు గనుకే, మెడ మీద కాడి మోసేదాన్ని దగ్గరికి తీసుకున్నావేమో. గరుడుడిలా ఎగిరేది అడగలేదు, ఐరావతంలా ఊరేగేది అడగలేదు. దున్నేదాన్ని అడిగావు. దాని ఎదుట కూర్చున్నావు, దాని మీద ఎక్కావు, దాని చెవిలో భక్తులు చెప్పుకునే కోరికలు దాని ద్వారానే విన్నావు. ఇప్పటికీ నీ గుడికి వచ్చిన ఇల్లాలు నందీశ్వరుని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పుకుంటుంది. వానలు పడాలనేమో. వలస పోయిన కొడుకు తిరిగి రావాలనేమో. పత్తికి ధర రావాలనేమో. ఈ పడమటి సీమలో కోరికలకు కొదవ లేదు. కాలువ కొసన నీళ్లు అందని చేలున్నాయి, పండగ ముగియగానే మూటాముల్లె కట్టుకుని బస్సెక్కే ఊళ్లున్నాయి. అన్నీ ఆ రాతిచెవి వింటుంది. ఆ బరువంతా అది ఎటు లాగుతుందో, ఏ గీత దగ్గర నీకు అప్పగిస్తుందో మాకు తెలియదు. నువ్వు కొలుచుకో, అడుగులూ అంగుళాలతో సహా.

పొద్దు వాలాక బహుమతులు పిలుస్తారు. మొదటి జత కొమ్ములకు పూలదండలు, రైతు భుజం మీద తుండుగుడ్డ, చుట్టూ ఊరోళ్ల ఎగురుళ్లు, పలకల మోత. అయిదో స్థానంలో నిలిచినవాడు కూడా నవ్వుతూనే ఉంటాడు; "మలుపులో తప్పింది మామా, లేకుంటేనా" అని నలుగురికీ చెబుతుంటాడు. లారీ వెనక పలక దించుతారు, గడ్డి పరుస్తారు. "హో, హో" అంటూ ఒకదాని వెనక ఒకటి ఎక్కిస్తారు. మాఘం రాబోతోంది, శివరాత్రికి ఇంకో ఊరు, ఇంకో బండ. ఆ తర్వాత ఉగాది, శ్రీరామనవమి. కడప వైపో, నంద్యాల వైపో, కృష్ణ దాటి అవతలికో. డ్రైవరు హారన్ కొడతాడు, పైనున్న కుర్రోడు ఎద్దు మెడను కౌగిలించుకుని నిలబడతాడు, సంతలో ఎవరో అప్పుడే కొన్న కోడెదూడ పెదవి ఎత్తి దీపం వెలుగులో పళ్లు చూస్తూ గట్టిగా అరుస్తాడు: "పాలపండ్లే అన్నా, వచ్చే యేటికి తయారు!"